ఆరు నిమిషాల తాడు

కింది గట్టు నుంచి పై గట్టుకు ఆరు నిమిషాలు.
ఇరవై రెండేళ్లుగా ఈ ఇనప డబ్బాలో
తలుపేసి, గొళ్లెం పెట్టి, రెండు గంటలు కొట్టి
జనాన్ని లోయ దాటించడం నా పని.
కింద మాంగనీసు మసితో నల్లబడ్డ నది,
చుట్టూ జార్జియా కొండలు,
పైన తాడు.

లాగడం అనే మాట నాకు కొత్త కాదు.
తాడు డబ్బాని లాగుతుంది.
నేను దమ్ము లాగేదాన్ని.
మానేశాక
అది నన్ను లాగుతోంది.

ఇవాళ తొమ్మిదో రోజు.

ఎందుకు మానేశావని జౌర్ అడిగాడు
పై స్టేషన్ నుంచి, ఫోన్లో,
పెదాల మధ్య సిగరెట్టు ఉంచుకునే.
మాట నలిగి వస్తే నాకు తెలుస్తుంది.
పెద్ద కథేం లేదన్నాను.
మా బిల్డింగులో లిఫ్టు చెడింది.
నాలుగో అంతస్తు మెట్టు మీద ఆయాసంతో కూలబడితే
పక్కింటి కుర్రాడు, భుజాన గ్యాసు సిలిండరు,
"కాస్త జరుగు, నాజిబ్రోలా పిన్నీ" అన్నాడు.
జరిగాను. అంతే.

క్లినిక్కులో నర్సు చెప్పింది
యావ వస్తుంది, కాసేపుంటుంది, పోతుంది,
ఐదారు నిమిషాలు ఓర్చుకుంటే చాలని.
నవ్వొచ్చింది.
ఐదారు నిమిషాలంటే ఏమిటో
నాకు చెబుతోంది ఈ పిల్ల!

అప్పట్నించి ప్రతి యావనీ ఎక్కించుకుంటున్నాను
టికెట్టడక్కుండా.
పొద్దుటిది బడిపిల్లల్లా తోసుకుంటూ ఎక్కుతుంది.
కాఫీ తర్వాతది లావుపాటిది, రెండు సీట్లు కావాలి దానికి.
"నీ గట్టొచ్చింది, దిగు" అంటాను.
కొన్ని దిగుతాయి.
కొన్ని అదే డబ్బాలో వెనక్కి వస్తాయి.

చేతులకే ఏం చెయ్యాలో తోచదు.
జేబు నిండా పొద్దుతిరుగుడు గింజలు,
కాళ్ల కింద పొట్టు, ఉప్పుకి పగిలిన పెదాలు.
పొగగొట్టం చిలకైందంటాడు జౌర్.
నిన్న ఒకావిడ మీద ఊరికే అరిచాను
ఆవిడ బుట్టలో బాతు అరిచిందని.
రాత్రి కలలో కాల్చాను, హాయిగా, ఆఖరి దాకా.
లేచి దుప్పటి మీద బూడిద కోసం వెతికాను.
లేదు.
లేనందుకు దిగులేసింది. ఈ మాట నర్సుకి చెప్పలేదు.

ఇవాళ మూడింటికి అవ్తాండిల్ ఎక్కాడు,
గనిలో ముప్పయ్యేళ్లు చేసిన మనిషి.
డబ్బాలో కాల్చకూడదు, కాల్చలేదు కూడా.
కానీ ఆయన కోటు కాల్చింది.
పాత ఉన్నిలోంచి ముప్పయ్యేళ్ల పొగ
మెల్లగా బయటికొచ్చి నన్ను పేరు పెట్టి పిలిచింది.
కిటికీ వంకతో అటు జరిగాను.
ఒక ముసలాడి భుజాన్ని వాసన చూస్తూ
ఏ వయసులో ఏం పని ఇది అనుకుంటూ
ఇంకో అడుగు జరిగాను.

అప్పుడే కరెంటు పోయింది.

నడి లోయలో ఆగిపోయాం.
ఆరు నిమిషాలయింది. ఏడు. ఎనిమిది.
ఎనిమిదో నిమిషం సంగతి నర్సు చెప్పలేదు.
గాలికి డబ్బా ఉయ్యాలలూగుతోంది.
అవ్తాండిల్ పెట్టె తీసి నా ముందు పట్టాడు.
"రూలు నేల మీదే కదమ్మా" అన్నాడు.

తీసుకున్నాను. దాచేదేముంది?
పెదాల మధ్య అది తన చోటు తనే వెతుక్కుంది.
ఆయన అగ్గిపుల్ల గీశాడు, పగిలిన కిటికీ ఆర్పేసింది.
రెండోది ఆరింది.
మూడోదానికి నేనే
రెండు చేతులూ అడ్డం పెట్టాను,
గుళ్లో కొవ్వొత్తికి పెట్టినట్టు.
వెలిగింది.
అగ్గి వెలుగులో నా వేళ్లు కనిపించాయి.
తొమ్మిది రోజులకి పసుపు కాస్త తగ్గింది,
గోరు దగ్గర మాత్రం అలాగే ఉంది.
ఆ గోరునే చూస్తూ ఉండిపోయాను.

డబ్బా కుదుపుకి పుల్ల జారింది.
కరెంటొచ్చింది.

గెలిచింది నేనో, కరెంటో నాకు తెలీదు.
ఎవరూ అడగలేదు గనక నా ఖాతాలో వేసుకున్నాను.
తడిసిన సిగరెట్టు తిరిగిస్తే
అవ్తాండిల్ చెవి మీద పెట్టుకుని దిగిపోయాడు.

డ్యూటీ పుస్తకంలో రాశాను:
మధ్యాహ్నం మూడు దాటాక పదకొండు నిమిషాల నిలుపుదల.
ప్రమాదం లేదు.
కలం మూశాక మళ్లీ తీసి
పక్కన చిన్నగా, ప్రస్తుతానికి, అని చేర్చాను.