తెగిన రెప్ప

దేవరకొండల ఆట మొదలైన గంటకు
కొండమల్లేపల్లిల మొదలయ్యేది.
సినిమా ఒక్కటే, తెరలు రెండు,
నడుమ కంకర తొవ్వ,
తొవ్వ మీద నేను, నా సైకిలు.

రెండేసి రీళ్లు కారేజీకి ట్యూబుతోని బిగిచ్చి
ఖాజాపాషా ఎనుకనుంచి కేకేసేటోడు:
"జల్ది పోరా! ఆడ మూడొందల మంది చీకట్ల కూసున్నరు."

ఆ యేడు వానల్లేవు.
చెల్కల పల్లిచెట్టు మొలిచినకాడనే మాడింది.
బోరింగు కాడ బిందెలే వరుసల నిలబడి నిద్రపోయేటియి.
నా ఎనుక డబ్బాల మాత్రం కుండపోత.
మూడో రీలు నిండ వాళ్లిద్దరు తడుసుడే.

తొక్కుకుంట తొక్కుకుంట చెవి ఎనుకకు పెట్టేటోణ్ణి.
రేకు చప్పుడు తప్ప ఏమిలేదు.
వెలుగు పడనప్పుడు వాన యాడుంటది?
ఎవ్వల్నీ తడపంది వానెట్లయితది?
మరి ముందు బెంచీల బీడీల ఈదమ్మ
తెర మీద ఉరమంగనే
కొంగు నెత్తికెందుకు కప్పుకున్నది?

ఓ రాత్రి గుట్ట మలుపుల బర్రె అడ్డమొచ్చింది.
మూత ఊడి
సినిమా తొవ్వ పొడుగూత పారింది, విప్పిన నాడా లెక్క.
మోకాలి నెత్తురు తుడుసుకోలే,
వాళ్లిద్దర్ని ఎర్రమట్టిల నుంచి చుట్టుకుంట కూసున్న.

కొండమల్లేపల్లి ఆపరేటరు సోమాచారి
అవుసుల పని ఇడిసొచ్చినోడు.
ఈ నీళ్లకు వంగిన వేళ్లతోనే
గీకి, కోసి, జిగురు రాసి, నోటితోని ఊది అతికిండు.
కింద ఆరు తునకలు.
"పావు సెకండు. ఎవ్వలికి ఎరుక కాదు తీ."

తెల్లారి ఎండకు పెట్టి చూసిన.
ఆమె రెప్ప వాలుస్తున్నది.
ఒక దాంట్ల కొంచెం, ఇంకో దాంట్ల ఇంకొంచెం.
ఏ దాంట్లనూ కదుల్తలేదు.
కదిలేది ఈ బొమ్మల లేదు, ఆ బొమ్మల లేదు,
నడుమ నల్లగీతల చూస్తె
ఆడ ఏమీ లేదు.

సోమాచారినడిగిన.
"మిషిన్ల రెక్క తిరుగుతది. బొమ్మ బొమ్మకూ ఓ చీకటి.
మూడు గంటల ఆటల గంటకు పైన
జనం చూసేది చీకటే.
టికెటు దానికి గూడ కొంటున్నరు" అని నవ్విండు,
బీడీ ఆరిపోయింది చూసుకోలే.

ఆ రోజు నుంచి మా రెండూర్లల్ల
మొగడు సచ్చిన కబురు ఇనంగ
ఆమె రెప్ప వెయ్యదు.
అంతకుముందు ఆడ దగ్గులినబడేటియి, పల్లికాయ పొట్టు చప్పుడు.
ఇప్పుడు హాలంత బిగుసుకపోయేది.
"ఎట్ల చూసిందమ్మా, కండ్లు గూడ మూయకుంట"
అని ఈదమ్మ నాలుగు దినాలు బీడీలు చుట్టుకుంట చెప్పింది.

నాకు నిద్రపట్టలే.
యాక్టింగు చేసిందెవరు?
ఆమెనా? సోమాచారి బ్లేడా?
బర్రెనా?

ఆ హాలిప్పుడు ఎరువుల గోదాం.
యూరియా బస్తాల ఎనుక తెరగోడ
జర తెల్లగనే ఉన్నది.
ఆరు తునకలు జర్దా డబ్బాల రంగు దిగి
గులాబీకొచ్చినయి.

మొన్న మనుమరాలు అదే సినిమా ఫోన్ల పెట్టిచ్చింది.
నడుమ సైకిలు లేకుంట,
మొదటినుంచి కొసదాక, వరుసగ,
పుట్టి బుద్ధెరిగినంక మొదటిసారి చూసిన.
కబురొచ్చింది.
ఆమె రెప్ప వేసింది.

"ఈమె కాదు బిడ్డా" అని
ఫోను తిరిగిచ్చేసిన.