తరుగు

పొదలకూరు నిమ్మకాయల యార్డులో
పదకొండేళ్లుగా కాటా దగ్గర కూచున్నవాణ్ణి.
చేతిలో ఒక పెన్ను, చెవి మీద ఇంకో పెన్ను,
గోళ్ల సందుల్లో ఏ సబ్బుకీ పోని పులుపు వాసన.

బస్తా ఎనభై రెండు తూగుతుంది.
డెబ్బై ఎనిమిది రాస్తాను.
తరుగు అంటారు దాన్ని.
గోనె బరువనీ, మచ్చకాయనీ, దారిలో ఆరిపోయే తేమనీ
దానికి మేం చెప్పుకునే పేర్లు చాలా ఉన్నాయి.
సాయంత్రానికి ఆ పేర్లన్నీ కలిసి
షావుకారు గోడ వారన ఇంకో నాలుగు బస్తాలవుతాయి.
దసరాకి నా చేతిలో పెట్టే కవరు
ఆ బస్తాల్లోంచే.

మస్తానయ్యది చేజర్ల పక్కన ఎకరన్నర తోట.
ఆదివారాలు ఆటోలో బస్తాల మీద కూచుని
కూతురు కూడా వచ్చేది. ప్రసూన.
ఒకరోజు కాటా మీది ఎర్రంకెల వైపూ నా చీటీ వైపూ చూసి
"మామా, ఎనభై రెండు కదా?" అంది.
"తరుగమ్మా."
"బస్తాకి నాలుగంటే, వందకి దాదాపు అయిదు" అంది
ఎవర్నీ నిందించకుండా,
నల్లబల్ల మీద లెక్క చేసినట్టు.
మస్తానయ్య నవ్వి దాని నెత్తిన మొట్టికాయ వేశాడు.
"పెద్దోళ్లతో ఎట్టా మాట్లాడాలో తెలీదు సామీ దీనికి."

ఆ కార్తీకం కిలో మూడు రూపాయలకి పడింది.
కోతకూలి కూడా రాదని
కాయల్ని చెట్టుకే వదిలేశారు చాలామంది.
మాఘంలో టీ బంకు దగ్గర కనపడ్డాడు మస్తానయ్య.
"ప్రయివేటు బడి మనకెందుకంటే ఇంటిది ఇనలా.
ఫీజు కట్టనోళ్ల పేర్లు ప్రార్థనలో చదవతా ఉండారంట.
బిడ్డ నిన్న కడుపునొప్పి అనింది.
ఈరోజూ అనింది."
తాగని టీకి డబ్బులిచ్చి పోయాడు.

ఆ రాత్రి పాత చీటీ పుస్తకాలు అటక మీంచి దించాను.
మూడేళ్లు. ఏడాదికి ముప్పై వారాలు. వారానికి రెండు బస్తాలు.
ఏడొందల ఇరవై కిలోలు.
మంచి ధరా చెడ్డ ధరా కలిపి పాతికేసుకుంటే
పద్దెనిమిది వేలు.
"ఇంకా ఎవరి లెక్క?" అంది నా భార్య దోమతెరలోంచి.
"ఒకాయన బాకీ" అన్నాను.
ఎవరికి ఎవరు బాకీ అని అడగలేదు, నా అదృష్టం.

స్కూలు కౌంటరుకి తల పట్టనంత కంత.
"పద్నాలుగు వేల ఆరొందలు సార్. కట్టినవారి పేరు?"
"మస్తానయ్య" అన్నాను.
అబద్ధం చెప్పినట్టు అనిపించలేదు.
పదకొండేళ్లలో నేను రాయించిన
సరైన తూకం అదొక్కటే.
రసీదు తీసుకోలేదు.
నోట్లు డ్రాయరులో పెడుతూ ఆ అమ్మాయి
ముక్కు దగ్గరికి తెచ్చుకుని, ఒకసారి నా వైపు చూసింది.

రెండు వారాలకి మస్తానయ్య వచ్చాడు.
"ఎవురో నెల్లూరు పెద్దమనిషంట సామీ,
నా పేరుతోనే కట్టి పోయినాడంట.
ఆయన కడుపు చల్లగుండ"
అంటూ బస్తా కాటా మీదకి ఎత్తాడు.
మొహం చీటీలో పెట్టుకున్నాను.
ప్రసూన ఏమీ అనలేదు.
నా చేతికేసి చూసింది, గోళ్లకేసి.
తర్వాత ఎర్రంకెలకేసి.

ఎనభై ఒకటి.
ఎనభై ఒకటే రాశాను.

షావుకారు కళ్లద్దాలు పైకి జరిపాడు.
ఏమీ అనలేదు, ఇప్పటికి.

మస్తానయ్యకే ఇంకా మూడు వేల నాలుగొందలున్నాను.
అతని వెనక వరసలో, బస్తాలకి ఆనుకుని
ఇరవై ఆరుమంది.
వాళ్ల పిల్లలు ఏ బడో,
ఈ పొద్దు ఎందరికి కడుపునొప్పో
నాకు తెలీదు.
"రాయి సామీ" అన్నాడు ముందున్నవాడు.