ఐసు లెక్కల పుస్తకం

ఇరవై రెండేళ్లు ఆమె నోట ఐసు ముక్క పడలేదు.
కావలి బస్టాండులో సోడా బండి ముందు
మేమంతా గోలీలు కొట్టించుకు తాగుతుంటే
ఫ్లాస్కు మూత తిప్పి మిరియాల కషాయం పోసుకునేది.
"గొంతే గదా అబ్బయ్యా, మనకుండే అరెకరం" అనేది.

పోస్టర్ల మీద మిస్ మంజీర.
రేషన్ కార్డులో చేవూరి మస్తానమ్మ.
ఆ రెండు పేర్ల మధ్య
నేను రిథమ్ ప్యాడ్ వాయించేవాణ్ణి.

నర్రవాడ తిరునాళ్లలో తెల్లార్లూ పాడి
పొద్దున్నే బిట్రగుంట ప్లాట్‌ఫారం మీద
చీరకు గుచ్చిన పది రూపాయల నోట్లు విప్పేది.
నోట్లు ఒక డబ్బాలో, పిన్నీసులు ఒక డబ్బాలో.
పిన్నీసులనే రెండుసార్లు లెక్కపెట్టేది,
ఎందుకో నేనెప్పుడూ అడగలా.

తర్వాత డీజే బాక్సులొచ్చినయ్
లారీ మీద గోడలాగా.
వాటికి జలుబు చెయ్యదు.
అన్నం పెట్టబన్లేదు.
వెనక గదిలోకొచ్చి ఒక్కసారి మాట్లాడిపొమ్మని
ఏ పెద్దమనిషీ వాటికి కబురు పంపడు.
మా ఆర్కెస్ట్రా ఒక శ్రావణంలో రెండు పెళ్లిళ్లకు దిగి
మర్సటేడు ఒకదానికి దిగి
ఆ పైన ఎవరికీ చెప్పకుండా ఆగిపోయింది.

బ్యాంకు మేనేజరు అడిగినాడు, వృత్తి ఏందని.
"పాట" అంది.
ఆయన పెన్ను కాసేపు గాల్లో ఆగి
గృహిణి అని రాసింది.
గృహం ఎక్కడుందని మాత్రం అడగలా.

మిక్సరు అమ్మింది, మైకులు అమ్మింది,
నా ప్యాడ్ కూడా అమ్మి
ఆ డబ్బులు నా చేతిలోనే పెట్టి
"జీతానికొస్తావా" అంది.
జువ్వలదిన్నె దారిలో ఉప్పుగాలికి తుప్పట్టిన షెడ్డు,
పాత ఓనరు వదిలేసిపోయిన కంప్రెసరు,
కళ్లు మండించే అమ్మోనియా.
బోర్డు మీద ఏం పేరని పెయింటరు అడిగితే
ఇద్దరం ఒకేసారి నోరు తెరిచినాం.
నేను మంజీర అన్నాను.
బోర్డు మీద మస్తానమ్మ ఉంది.

ఇప్పుడు రాత్రి రెండింటికి ఫోను మోగుద్ది.
అప్పట్లో ఆ టైముకే
జనం కేకలేసేవాళ్లు, ఇంకొకటి, ఇంకొకటని.
ఇప్పుడు రొయ్యల రైతు కేకలేస్తాడు:
"చెరువు పట్టేస్తన్నాం, ముప్పై కౌంటు పడింది,
ఇంకో పది బ్లాకులు పంపక్కా!"
ఉప్పునీళ్ల తొట్టిలోంచి డబ్బాలు లేస్తయ్,
బ్లాకులు జారి క్రషర్ నోట్లో పడి
పెళపెళా విరుగుతయ్.

మెకానిక్కుకు వినపడనిది ఆమెకు వినపడుద్ది.
నిద్రలోంచి లేచి
"అరశ్రుతి దిగింది, బెల్టు చూడండి" అంటది.
నెల్లూరు నుంచొచ్చినాయన మొదట నవ్వినాడు.
బెల్టు విప్పినాక నవ్వలా.

వైట్‌స్పాట్ వచ్చిన ఏడు
బాకీలు నా పుస్తకం దాటి అట్ట మీదికెక్కినయ్.
వసూలుకని చెరువు గట్లెంబడి పోయి
ఏమీ అడక్కుండా తిరిగొచ్చింది.
ఆ రాత్రి క్రషర్ పక్కన ఒక్కతే కూర్చోని
చిన్న ముక్క విరిచి నోట్లో వేసుకుంది.
పటపట నమిలిన చప్పుడు
ఆఫీసు గదిలో నాకు వినపడింది.
ఇంకో ముక్క.
ఇంకొకటి.

తెల్లారి గొంతు పూర్తిగా బొంగురుపోయింది.
ఆ బొంగురు గొంతుతోనే కరెంటాఫీసుకు ఫోన్ చేసి
బిల్లుకు గడువడిగింది.
ఎవరో మగమనిషనుకున్నారేమో,
మారుమాట లేకుండా ఇచ్చినారు.

నిన్న పట్టపుపాలెం పిల్లోడొకడు
బోటుకి ఐసు కోసమొచ్చి
"అక్కా, నువ్వు పాటలు పాడేదానివంట గదా?" అన్నాడు.
"ఎన్ని బ్లాకులు?"
"ఆరు."
"ఆరు రాసుకో" అంది నాతో.

రాస్తన్నాను.
వెనక కంప్రెసరు సాగతా ఉంది.
నా ఎడమచెయ్యి, నా మాట వినకుండా,
బల్ల మీద దరువెయ్యడం మొదలుపెట్టింది.
"ఆపబ్బయ్యా, లెక్క తప్పుద్ది."

తప్పింది.
ఏడని రాసినాను.
కొట్టేయించి ఆరు చేయించింది.