అధ్యక్షుడి కొలతలు

అల్లిపురంలో మా ఫ్లెక్సీ షాపు.
మిషను మీంచి మొహాలు
తడితడిగా దిగుతుంటాయి రోజూ,
పెళ్ళివి, పెద్దకర్మవి, పార్టీలవి.

సూరాడ ఎల్లాజీ జాలారిపేట కార్పొరేటరు.
మొదటిసారి నిలబడ్డప్పుడు అన్నమాట గుర్తుంది:
"ప్రెసిడెంటు గారి బొమ్మ తెరచాపంత ఎయ్యి బావూ,
నాను ఓ మూల తెడ్డంత ఉంటే సాలు."
అలాగే వేశాను.
ఆయన నవ్వు పన్నెండడుగులు. ఎల్లాజీ నిలువునా రెండు.

ఈసారి చెప్పులు గుమ్మం దగ్గరే వదిలి
గొంతు తగ్గించాడు.
"కూసింత సిన్నది సెయ్యి."
మౌసుతో మూల పట్టుకుని లాగాను.
"ఇంకొంచెం."
లాగాను.
"ఇంకా."
ఆధార్ కార్డు ఫొటో అంత అయ్యాడు అధ్యక్షుడు,
తపాలా బిళ్ళంత అయ్యాడు,
కందిగింజంత అయ్యాక
ఎల్లాజీ గోడకేసి చూస్తూ అన్నాడు,
"తీసెయ్యి."

తీసేస్తే అక్కడొక ఖాళీ.
అందులో పడవ పెట్టాం, కుదరలేదు.
డాల్ఫిన్ నోస్ పెట్టాం, లైట్‌హౌసు పెట్టాం.
చివరికి నీలం రంగు పోసి ఊరుకున్నాం.

ఎల్లాజీ చెడ్డవాడు కాదు, ఆ మాట ఎక్కడైనా చెప్తాను.
తుపాను రాత్రి మొలలోతు నీళ్ళలో
ఇంటింటికీ తలుపు కొట్టినవాడు.
కుళాయి తెచ్చాడు. ఎండుచేపల షెడ్డు తెచ్చాడు.
ఆ షెడ్డులోనే బుట్టల మధ్య కూర్చుని
గరికిన నూకాలమ్మ తేల్చేసింది:
"నువ్వు మావోడివే నాయినా.
నీకేత్తే ఆడికెల్తాది కదా ఓటు."
ఫ్లెక్సీలో నీలం రంగు మీద వేలు పెట్టింది.
"బొమ్మ నేదంతావేటి? అదిగో, అక్కడే ఉన్నాడు."

బీచిరోడ్డులో అధ్యక్షుడి సభ నాడు
ఎల్లాజీ ఫోను ఎత్తలేదు.
వేటకెళ్ళానని చెప్పమన్నాడట పెళ్ళాంతో.
"వేట నిషేధం కదయ్యా" అందట ఆవిడ,
"పడవలన్నీ ఒడ్డునే ఉన్నాయి. ఏ పడవెక్కేవని సెప్పను?"

ఆ రాత్రే అవతలి పార్టీ కుర్రాళ్ళు వచ్చారు
అడ్వాన్సు చేతిలో పట్టుకుని మరీ.
"ప్రెసిడెంటు గారి బొమ్మ, ఇరవై అడుగులు. పదిహేను కాపీలు."
ఎవరి ప్రెసిడెంటు, అన్నాను.
"ఆళ్ళ ప్రెసిడెంటే.
పక్కన ఎల్లాజీ. భుజమ్మీద సెయ్యేసినట్టుండాల."
తెల్లార్లూ తిరిగింది మిషను.
నేను కందిగింజ చేసిన మొహం
నా చేతుల మీదుగానే
జగదాంబ జంక్షన్ దాకా పెరిగింది.

నూట పద్నాలుగు ఓట్లు తేడా.

నేను అడక్కముందే బాకీ తీర్చడానికి వచ్చాడు ఎల్లాజీ.
లేవబోతూ, "ఆ మొదటిది ఉందేటి?" అన్నాడు.
పాత డిస్కులో వెతికి తెరిచాను.
పన్నెండడుగుల నవ్వు. మూల తెడ్డంత మనిషి.
చాలాసేపు చూశాడు.
"ఆ యేడు నాను ఎవుడికి తెల్సు?
ఈ బొమ్మకే కదా ఏసేరు."
తిట్టాడో, దండం పెట్టాడో
నాకు తెలియలేదు.

మొన్న వానకి షెడ్డు రేకులు కారుతుంటే
నూకాలమ్మ సావిడాయల గుట్ట మీద ఫ్లెక్సీ కప్పింది,
ఇరవై అడుగులది, బొమ్మ లోపలికి.
ఉప్పువాసనలో బోర్లా పడుకుని
నవ్వుతూనే ఉండుంటాడు.
పైన తెల్లవైపు మీద
వాన పడుతోంది.