ఏ గ్రీసు పెట్టాలె

నక్కలగుట్ట కన్సల్టెన్సీల ఏసీ కింద కూసోబెట్టి
మూడు దేశాల కాయితాలు ముందు పరిచిండు.
జీతం ఇక్కడుంది మేడం, వీసా ఇక్కడ, బాండు ఇన్నేండ్లు.
నేనడిగిన:
ఏడాదికి ఎన్ని దినాలు సైకిల్ తొక్కొచ్చు?
పెన్ను మూత పెట్టి
నా మొఖం దిక్కు చూసి
మళ్ళ మూత తీసిండు.

నా దగ్గర లెక్కుంది.
మందుల కంపెనీ పంచిన పాత డైరీల
తొక్కిన దినానికి ఒక గీత.
పోయినేడు రెండొందల పద్నాలుగు.
గీత లేని దినాలు ఎటు పోయినయో కూడా రాసిన:
రోహిణి కార్తెల పొద్దుగాల ఏడింటికే
మడికొండ రోడ్డు పెనం,
హ్యాండిల్ రబ్బరు కరిగి
అరచేతులకు నల్లగ అచ్చు.
ముసురు పట్టిన జులైల హంటర్ రోడ్డు వాగు.
ధర్మసాగరం దారిల కుక్కలు, మూడు దినాలు.
నైట్ డ్యూటీ దిగినంక కాళ్ళు రాక, నలభై.
ఎనుమాముల దిక్కు నుంచి గాలి మళ్ళి
మిర్చి ఘాటుకు తుమ్ముకుంటనే తొక్కిన దినం
గీత సగమే గీసిన.
పదకొండు దినాలకు కారణం రాయలే.
బండి స్లో చేసి పక్కకొచ్చినోళ్ళకు
నా డైరీల జాగ ఎందుకియ్యాలె.

మృగశిర తొలివానకు తెల్లారి
వడ్డేపల్లి కట్ట మీద ఒక్కదాన్నే,
నీటికాకులు రెక్కలు ఆరబెట్టుకుంటున్నయి.
ఆ దినానికి రెండు గీతలున్నయి.
లెక్క తప్పని తెలుసు. దిద్దలే.

నర్సింగ్ స్కూల్ల మాదొక్కటే బెంచి.
రోజ్‌లీన్ జర్మనీ నుంచి వాయిస్ మెసేజ్ పెట్టింది:
"నాలుగున్నరకే చీకటి. టైర్లకు మేకులుంటయే, మంచు మీద కరకర.
మా వార్డు డాక్టరమ్మకు అరవై దాటినయ్, అట్లనే వస్తది.
నేను ట్రామెక్కుత."
మస్కట్ నుంచి షాహెదా:
"ఎండకాలం ఇక్కడ రాత్రి మూడింటికి లేచి తొక్కుతరు పిచ్చోళ్ళు.
రోడ్డు పట్టు లెక్కుంటది. నువ్వొస్తే బిర్యానీ చేస్త గానీ
సైకిల్ మాట తేకు."
నెల్సన్‌ల నాకెవ్వరు లేరు.
న్యూజిలాండ్ దక్షిణ దీవి పైకొసన, మ్యాపుల వేలు పెట్టి వెతికిన.
ఇక్కడ రోళ్ళు పగిలే దినాలల్ల అక్కడ చలి మొదలైతదంట,
అది గూడ స్వెట్టరుకు లొంగే చలి.
సముద్రం పక్కపొంటి సైకిళ్ళకే ఒక బాట.
జీతం మూడింట్ల నడిమిది. పరీక్ష గట్టిది.
తెలుగు మాట్లాడెటోళ్ళు ఉన్నరో లేరో.

మా హెడ్ నర్సు సుభాషిణి సిస్టర్ నవ్వింది.
"కొలువు చూసి ఊరు పట్టుకుంటరు గానీ
రోడ్డు చూసి కొలువు పట్టుకునుడు నీ దగ్గరనే చూసిన."
నేను నవ్విన గానీ చెప్పలే:
రాత్రంత మానిటర్ల మీద మందివి గుండెలు చూసి చూసి
నా గుండె నాకు వినపడేది
ఉనికిచర్ల ఎక్కుడు కాడనే అని.
చెప్తే బీపీ చూపించుకోమంటది.

కాజీపేట చౌరస్తల సోమలింగం దుకాణం.
హబ్బు విప్పి ఉన్నది,
గోలీలు కిరసనాయిలు గిన్నె అడుగున మెరుస్తున్నయి.
"పెడల్లు ఊడదీస్త, హ్యాండిల్ అడ్డం తిప్పుత,
డబ్బాల పడ్తది, ఫికర్ లేదు.
గ్రీసే ఏది పెట్టాలె చెప్పు బిడ్డ.
సలి దేశమైతే ఇది గడ్డ కడ్తది.
ఎండ దేశమైతే కారిపోతది.
ఉప్పుగాలైతే ఆర్నెల్లల్ల చైను తుప్పు."

మూడు కాయితాలు సంచిలనే ఉన్నయి.
దేని మీద గూడ సంతకం లేదు.
ఆయన బొటనవేలు నల్లగ, ముందుకు చాపి, ఆగింది.
ఫాతిమానగర్ బ్రిడ్జి మీద ఏదో బస్సు హారను కొట్టి కొట్టి ఊకున్నది.

"ఉప్పుకు ఆగేది పెట్టు."

ఏ దేశమని అడగలే.
స్టూలెక్కి పై అరల నుంచి నీలం డబ్బా దించిండు,
లుంగీ కొసతోని దుమ్ము తుడిచిండు.
మూత ఎంతకూ రాలే.
"కొన్న కాడికెళ్లి ఎవ్వరడగలే దీన్ని," అన్నడు,
స్క్రూడ్రైవర్ కోసం తడుముకుంట.