గంధం మరక

గుండు కొట్టించుకున్న తలకు గంధం పూస్తారు.
పూసుకున్న తల దిండు మీద వాలుతుంది.
తెల్లారేసరికి ఆ దిండుగలీబు నా గంగాళంలో ఉంటుంది.

ఇరవై రెండేండ్లుగా ఆ పచ్చ మరకతోనే నా కొట్లాట.
సోడా వేస్తే సగం పోతుంది,
ఎండకేస్తే ఇంకొంచెం,
మిగిలింది నీలిమందు కింద దాక్కుంటుంది.
జుట్టిచ్చేది మీరు, గోళ్లు అరిగేది నాకా అని
ఎన్నిసార్లు తిట్టుకున్నానో బండ మీద బాదతా.

ఏడు లాడ్జీలు నావి, తిరుపతిలో.
ఒక్కోదానికి ఒక్కో జీడి గుర్తు, అంచు మూలన:
పద్మకు మూడు చుక్కలు, కృపకు మెలిక,
రైల్వే గేటుకాడి దామోదరం లాడ్జీకి కత్తెర.
చదువు రాదు గానీ
ఊళ్లోకి ఎంత జనం దిగినారో
పేపరోళ్లకంటే ముందు నాకు తెలుస్తుంది.
శనివారమైతే ఆరునూర్లు. పరీక్షల కాలంలో మున్నూరు.
ఏకాదశికి లెక్కే ఉండదు,
మూటల నడుమ మోపెడ్ మీద
నా మొగుడు మునిరత్నం కనపడడు.

ఆ మార్చిలో ఒకనాడు లెక్క సున్నా.

కొండ దారిలో చిరుత నడిచిందని
ఎవరో ఫోన్లో చూపించినారు.
నేను దండేల వైపు చూసినా.
మాకు ఇన్ని క్లిప్పులుండాయని అంతకు ముందు తెలీదు.

ఆనక దామోదరం లాడ్జీలో
రోగమొచ్చినోళ్లకి పడకలేసినారు.
ఆ దుప్పట్లు నాకియ్యలే.
సంచుల్లో కట్టి ఊరవతల కాల్చినారంట.
నా చేత్తో వేసిన కత్తెర
ముందు కాలిందో, ఆఖర్న కాలిందో.

మునిరత్నం మార్కెట్లో టమోటా బాక్సులెత్తినాడు.
రూంబాయ్ చంద్రప్ప చెరుకురసం బండి పెట్టి
ఐసు డబ్బులు కూడా రాక ఊరికి పోయినాడు.
బాషా జీపు అమ్మేసి
అమ్మిన జీపుకే డ్రైవరైనాడు.

తలుపులు తెరిచినాక ఒక ఆఫీసరమ్మ వొచ్చింది.
యాత్రల మీద బతికేటోళ్లని నిలబెట్టాలంట, అప్పులిస్తారంట.
పద్మ లాడ్జీ హాల్లో కుర్చీలేసి పేర్లు రాసుకున్నారు,
లాడ్జీలోళ్లవి, ట్రావెల్సోళ్లవి, హోటళ్లోళ్లవి.
నా వంతొస్తే కాయితం పైకీ కిందికీ చూసి
"మీరు ఇందులోకి రారు కదమ్మా" అనింది, మెత్తగానే.
గడప దాటి, చెప్పులేసుకుంటా, మళ్లీ తల లోపల పెట్టి అడిగినా:
"మేడమ్, గదుండాది, మంచముండాది,
వొచ్చినోడు దేని మీద పండుకుంటాడు, ఆ కాయితం మీదనా?"
ఆమె నవ్వింది. పెన్ను మూత పెట్టలే.
రాసిందో లేదో ఈ పొద్దుకీ తెలీదు.

దామోదరం సగం రేటుకు ఉతకమన్నాడు, గదులు నిండేదాకా.
"నిండినాక?" అన్నా.
"నిండినాక అరస్తా కదా, మునుపటి మాదిరి" అన్నాడు
గొంతు పెగలనోడి మాదిరి.

మొదటి మూటలో పదకొండు దుప్పట్లు.
విప్పి వాసన చూసినా.
మడతల్లో బీరువా వాసన, బొద్దింకల వాసన,
మనిషి వాసన లేదు.
రెండో మూటా అంతే. మూడోదీ అంతే.

నాలుగో వారం, కత్తెర గుర్తు కొత్తగా వేసిన గలీబు విప్పితే
నడిమధ్యన అరచెయ్యంత
గంధం.

చిన్న తల. మూడేండ్ల బిడ్డదై ఉంటుంది.
రాత్రంతా ఒక పక్కకే పండుకున్నట్టుంది,
చెవి ఆనవాలు కూడా ఉండాది.

మునిరత్నాన్ని కేకేసినా.
వొచ్చి చూసినాడు. ఏం మాట్లాడలే.
పొయ్యిలోకి ఇంకో కట్టె తోసినాడు.

సోడా వేసినా. బాదినా. ఎండకేసినా.
మొత్తం పోగొట్టడం చేతకాక కాదు.

మర్నాడు ఫోను.
"ఏం ఉతుకుడిది చెంగమ్మా! మరక మరకట్లే ఉండాది,
కస్టమరు చూస్తే ఏమనుకుంటాడు,
కండ్లు కనపడవా నీకు, కూలి మాత్రం..."

అరవనీలే అని
ఫోను స్పీకర్లో పెట్టి గోడ మీద ఆనించి
తడి దుప్పటి ఒకటి ఇదిలించినా.