నాలుగో రీలులో దగ్గు

అరండల్‌పేట ఏడో లైన్లో
కుట్టుమిషన్లు బాగుచేసే కొట్టు మీద మేడగది.
గోడలకి పాత బొంతలు మేకులు కొట్టి
వాటిమీద కోడిగుడ్ల అట్టలు అంటించి
దాన్ని స్టూడియో అంటున్నాను.
ఇంటివాళ్ళు మాత్రం
కోళ్ళఫారం గది అనే అంటారు.

సినిమా హైదరాబాదు నుంచి ముక్కలుగా వస్తుంది.
ట్యూను ఆయనది, పేరూ ఆయనదే.
రాత్రి పదకొండింటికి ఫోన్లో రెండు లైన్లు ఈలవేసి పంపిస్తాడు,
వెనక వాళ్ళింట్లో కుక్కర్ కూడా శ్రుతి కలుపుతుంది.
"మిగతాది నువ్వు చూసుకోమ్మా."

మిగతాది అంటే
ఆ ఈల కింద నేల వేయడం.
వయోలా ఎక్కడ ఊపిరి తీయాలో
చెల్లో ఎక్కడ నోరు మూసుకోవాలో
ఫ్లూటు ఒక్క అక్షరం ముందొచ్చి
నటి కళ్ళెత్తేలోపు ఎలా తప్పుకోవాలో
అన్నీ కాగితం మీద, పెన్సిల్‌తో, రబ్బరు పక్కన పెట్టుకుని.

లూథరన్ చర్చిలో ఆర్గన్ తొక్కుతూ
దేవసహాయం మాస్టారు అనేవారు:
"పైస్వరం అందరూ పాడతారే అమ్మాయ్.
కప్పు నిలబడేది ఆల్టో మీద."
కొయిర్లో నన్ను మూడో వరసలో నిలబెట్టి
లోపలి గొంతు నేర్పారు.
ఇప్పటికీ ఏ పాట విన్నా
ముందు పాట వినపడదు నాకు,
దాని మోకాళ్ళు వినపడతాయి.

ఈ సీను రెండు నిమిషాల నలభై సెకన్లు.
రీళ్ళు పోయి ఎన్నాళ్ళో అయినా నాలుగో రీలు అనే అంటాం.
ఒకామె బస్సు దిగుతుంది, చిల్లర లెక్కపెట్టుకుంటుంది,
ఆస్పత్రి గేటు దాకా నడిచి
లోపలికెళ్ళకుండా తిరిగిపోతుంది.
దర్శకుడి చీటీ: జనం ఏడవాలి. ఇరవై నాలుగు వయొలిన్లు.
డబ్బులు ఆరుగురికి.

రేడియోలో రిటైరైన పరాంకుశం గారు
బెజవాడ నుంచి ప్యాసింజర్లో వచ్చారు,
పెట్టె మీద తువ్వాలు కప్పుకుని, వెంట ఐదుగురు పిల్లల్ని వేసుకుని.
ఒక్కో వరస నాలుగుసార్లు వాయించి పేర్చాం,
ఒకసారి మైకుకి వీపు పెట్టి,
ఒకసారి కుర్చీలు మార్చుకుని,
ఒకసారి కావాలనే కాస్త బద్ధకంగా.
నాలుగుసార్లూ ఒకేలా వాయిస్తే
ఆరుగురు ఇరవై నాలుగుమంది అవరు,
ఆరుగురే లావెక్కుతారు.

మార్చి నెల. యార్డు నిండిపోయి
మిర్చి టిక్కీలు రోడ్డెక్కిన రోజులు.
ఊరంతా గొంతు గరగర.
కిటికీ సందుల్లో తడిగుడ్డలు కుక్కాం,
ఫ్యాన్ ఆపాం,
కింద కొట్టాయనకి టీ డబ్బులిచ్చి మోటారు ఆపించాం.
ఆమె గేటు దగ్గర ఆగే చోట
మూడు బార్లు ఖాళీ వదిలాను.
జనం ఏడవాల్సిన చోట ఏమీ రాయలేదు.
సరిగ్గా అక్కడ
పరాంకుశం గారు దగ్గారు.

చిన్న దగ్గు. ఆపుకోబోతే ఆగనిది.
"మళ్ళీ తీద్దామమ్మా" అన్నారు
కమాను ఒళ్ళో పెట్టుకుని, సీసా పగలగొట్టిన పిల్లాడిలా.
తీశాం. ఇంకో రెండుసార్లు.
ఉతికి ఇస్త్రీ చేసినట్టు వచ్చింది.
తెరమీద ఆమె
నటిస్తున్నట్టు కనపడింది.
దగ్గున్నదే పంపాను.

"గేటు దగ్గర ఏదో శబ్దం ఉంది" అన్నాడు ఈలాయన.
"ఆస్పత్రి కదండీ" అన్నాను.

రెండో వారం, లాడ్జి సెంటర్ దగ్గర హాలు, బాల్కనీ.
టైటిల్స్‌లో నా పేరు వెతకడం ఎప్పుడో మానేశాను,
ఆ టైములో పార్కింగ్ చీటీ వెతుక్కున్నాను.
నా వయోలాని బస్సు ఇంజను మింగేసింది.
చెల్లో ఏసీ హోరులో కలిసిపోయింది.
ఆమె గేటు దగ్గర ఆగింది.
మూడు బార్లు.
దగ్గు.
ముందు వరసలో ఒకాయన గొంతు సవరించుకున్నాడు,
కాసేపటికి ఇంకెవరో, చీకట్లో, కుడివైపు.

బయటికొచ్చి పరాంకుశం గారికి ఫోన్ చేశాను.
ఎత్తలేదు.
ఏదో రిసెప్షన్లో వాయిస్తూ ఉంటారు,
భోజనాలు మొదలైపోయి
ఎవరూ వినని వేళ.